దయ్యం నేర్పలేదు: బ్లూస్ గిటార్ చరిత్రలో మాయమైన శ్రమ

కింది వాళ్ల కళల గురించి పైవాళ్లు రాసిన చరిత్రల్లో ఒక మాట పదే పదే వస్తుంది: ‘అది వాళ్ల రక్తంలోనే ఉంది.’ డప్పు కొట్టే మాదిగ పిల్లవాడి గురించీ ఇదే మాట, అమెరికాలో గిటార్ వాయించిన నల్లవాళ్ల గురించీ ఇదే మాట. రక్తంలో ఉన్నదానికి కూలి ఎవరిస్తారు? అందుకే దీన్ని మేము పొగడ్తగా తీసుకోవడం లేదు. నేర్చుకోవడమనే పని బ్లూస్ చరిత్రలోంచి ఎట్లా మాయమైందో ఇక్కడ చూడదలిచాం.

ఇవాళ గిటార్ పట్టిన కుర్రాడు ముందుగా సాధన చేసేది రిఫ్. రిఫ్ అంటే కొద్ది స్వరాల చిన్న ముక్క, పాటలో తిరిగి తిరిగి వస్తుంది. మన డప్పులో దరువు చేసే పనికి దగ్గరి పని. మడీ వాటర్స్ 1954లో రికార్డు చేసిన ‘హూచీ కూచీ మ్యాన్’లో వాద్యాలన్నీ కలిసి ఆ ముక్క కొట్టి ఠక్కున ఆగుతాయి. ఆ ఖాళీలోకి గొంతు వస్తుంది. వినడానికి సులువే. ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో చేతికి తెలియాలంటే మాత్రం చాలా రోజులు పడుతుంది. బ్లూస్‌లో తీగను వేలితో పక్కకు నెట్టి స్వరాన్ని కొంచెం పైకి లాగుతారు. ఎంత లాగాలన్నది కాగితం మీది నొటేషన్‌కు సరిగా చిక్కదు.

మిసిసిపీ పత్తి పొలాల పిల్లలకు గిటార్ కొనే స్తోమత ఎక్కడిది? చీపురుకట్ట తీగ విప్పి, గోడకు రెండు మేకులు కొట్టి బిగించి, కింద సీసా దూర్చి వాయించేవాళ్లు. దీన్ని డిడ్లీ బో అంటారు. ఒకటే తీగ, ఇంటి గోడే వాయిద్యం.

రాబర్ట్ జాన్సన్ కథ అందరూ చెప్పుకునేదే. అర్ధరాత్రి నాలుగు రోడ్ల కూడలిలో దయ్యానికి ఆత్మను అమ్మి గిటార్ నేర్చాడట! అసలు ఈ కథ టామీ జాన్సన్ అనే ఇంకో గాయకుడి గురించి అతని అన్నదమ్ముడు చెప్పింది. తర్వాత రాబర్ట్‌కు తగిలించారు. సన్ హౌస్ చెప్పిన దాని ప్రకారం మొదట్లో రాబర్ట్ గిటార్ పడితే జనం విసుక్కునేవాళ్లు. కొంతకాలం కనపడకుండా పోయి, తిరిగొచ్చి అందర్నీ మించి వాయించాడు. ఆ మధ్యకాలంలో అతను ఐక్ జిమ్మర్మన్ అనే నల్లజాతి గిటారిస్టు ఇంట్లో ఉండి నేర్చుకున్నాడని ఆ కుటుంబం వాళ్లు చెప్పారు. రాత్రిపూట శ్మశానంలో కూర్చుని సాధన చేసేవాళ్లు, అక్కడైతే ఎవరూ అడ్డు చెప్పరు గదా. గురువు ఉన్నాడు, శిష్యుడు ఉన్నాడు, రాత్రుల తరబడి చేసిన పని ఉంది. లోకానికి మాత్రం దయ్యమే నచ్చింది.

ఎలిజబెత్ కాటెన్ 1893లో ఉత్తర కరోలినాలో పుట్టింది. చిన్నప్పుడే ఇళ్లల్లో పనిచేసి కూడబెట్టిన 3 డాలర్ల 75 సెంట్లతో గిటార్ కొనుక్కుంది. ఆమెది ఎడమచేతివాటం. కుడిచేతివాళ్ల గిటార్‌నే తిరగేసి పట్టుకుంది. దాంతో వేళ్ల పని తలకిందులైంది: చూపుడువేలు మంద్ర తీగల మీద, బొటనవేలు పాట నడిచే తీగల మీద. ఇవాళ ఆ పద్ధతికి ఆమె పేరే ఉంది. పన్నెండేళ్ల ఈడులో కట్టిన ‘ఫ్రైట్ ట్రైన్’ 1957లో బ్రిటన్‌లో హిట్టయింది, రచయితలుగా వేరేవాళ్ల పేర్లతో. ఆమె పేరు ఆ తర్వాతే చేరింది. బొటనవేలు అంటే మనకు ఏకలవ్యుడు గుర్తొస్తాడు. ఇక్కడ వేలు మిగిలింది, పాట కింద పేరు పోయింది.

బ్రిటన్ తెల్ల కుర్రాళ్లు 1960ల్లో ఈ రికార్డులు విని విని రిఫ్‌లు నేర్చారు. రోలింగ్ స్టోన్స్ తమ పేరే మడీ వాటర్స్ 1950 నాటి పాట నుంచి తీసుకున్నారు. నేర్చుకోవడం తప్పని మేము అనడం లేదు. వాళ్ల సాధనను సాధన అన్నారు, నల్లవాళ్ల సాధనను దయ్యం అన్నారు. మాకు పేచీ అక్కడే.

చట్టం సంగతీ చూడాలి. అమెరికాలో 1972కు ముందటి రికార్డింగులకు 2018 దాకా ఫెడరల్ రక్షణ లేదు. కాగితం మీద పెట్టగలిగిన రాగానికి, మాటలకే హక్కు. వాయించిన తీరుకు లేదు. లెడ్ జెపెలిన్ 1969 నాటి ‘హోల్ లాటా లవ్’ మీద విల్లీ డిక్సన్ 1985లో దావా వేశాడు, 1987లో రాజీ అయింది. ఆ రిఫ్ జిమ్మీ పేజ్ సొంతమే. మడీ వాటర్స్ 1962లో పాడిన డిక్సన్ పాటతో పోలిక దొరికింది మాటల దగ్గర.

జాన్ లీ హుకర్ 1948లో రికార్డు చేసిన ‘బూగీ చిల్లెన్’ అలా చిక్కే రకం కాదు. ఒక్క గిటార్, నేలమీద కాలి తాళం. ఆ వాయింపు సవతి తండ్రి విల్ మూర్ దగ్గర నేర్చానని హుకర్ చెప్పేవాడు. జీజీ టాప్ 1973లో చేసిన ‘లా గ్రాంజ్’ దీని నుంచే వచ్చిందని దావా పడింది. వేసింది హుకర్ కాదు, పాటలో సహరచయితగా పేరు రాయించుకున్న రికార్డు నిర్మాత కంపెనీ. 1995లో అప్పీలు కోర్టు ఏమందంటే, 1948లో రికార్డు అమ్మడమే ప్రచురణ కింద లెక్క, 28 ఏళ్లలోగా హక్కు పొడిగించలేదు గనక 1948 నాటి పాట ఊరుమ్మడి సొత్తు. రికార్డు అమ్మకాన్ని అలా ప్రచురణగా లెక్కపెట్టకూడదని 1997లో అమెరికా కాంగ్రెస్ చట్టాన్నే సవరించింది. తీర్పు వల్ల తమ పాత పాటలూ ఊరుమ్మడి అవుతాయని భయపడ్డ సంగీత ప్రచురణ కంపెనీలు పట్టుబట్టి తెచ్చుకున్న సవరణ అది.