చేతివృత్తులవారికి విద్యుత్ సరుకు వాహనాలు: రోజువారీ ప్రయాణ దూరమే లాభనష్టాలకు గీటురాయి

ప్రత్యేక వ్యాసం

విడవలూరు (శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా): పెట్రోలు, డీజిల్ ధరల భారం పెరిగిన నేపథ్యంలో వడ్రంగులు, తాపీ మేస్త్రీలు, ప్లంబర్లు, మోటారు మరమ్మతుదారులు తదితర వృత్తులవారు తమ పనిముట్లు, సామగ్రి తరలింపునకు విద్యుత్‌తో నడిచే చిన్న సరుకు వాహనాల వైపు దృష్టి సారిస్తున్నారు. ఇంధన వ్యయం గణనీయంగా తగ్గుతున్నప్పటికీ కొనుగోలు ధర అధికంగా ఉండటం వలన ఈ వాహనాలు అందరికీ సమానంగా లాభదాయకం కావు. రోజుకు ఎన్ని కిలోమీటర్లు నడుస్తుందన్న అంశమే ఇందులో నిర్ణయాత్మకం.

స్థానిక పరిస్థితులు

పెన్నా నదికి ఉత్తరాన, సముద్ర తీరాన ఉన్న విడవలూరు మండలంలో వరి సాగు, రొయ్యల పెంపకం, చేపల వేట ప్రధాన జీవనాధారాలు. చెరువుల వద్ద ఏరియేటర్లు, పంపుసెట్ల మరమ్మతు, మోటార్ల రీవైండింగ్, వెల్డింగ్, గృహ నిర్మాణ పనులు వీటిపై ఆధారపడి కొనసాగుతున్నాయి. మండల గ్రామాలలోనే పనిచేసేవారి ప్రయాణం పరిమితం. సామగ్రి కొరకు ప్రతిదినం కోవూరు, నెల్లూరు వెళ్లివచ్చే వారి ప్రయాణం ఇందుకు పలు రెట్లు. ఈ రెండు వర్గాలవారికి ఒకే లెక్క వర్తించదు.

ధరల వ్యత్యాసం

2025 జూన్‌లో టాటా మోటార్స్ విడుదల చేసిన 750 కిలోల సామర్థ్యం గల ఏస్ ప్రో వాహనం ప్రారంభ ధర పెట్రోలు రకానికి రూ. 3.99 లక్షలు, విద్యుత్ రకానికి రూ. 6.50 లక్షలు (షోరూం ధరలు). విద్యుత్ వాహనాలపై జీఎస్టీ 2019 ఆగస్టు 1 నుండి 5 శాతంగా ఉన్నది. 2025 సెప్టెంబరు 22 నుండి ఇతర సరుకు వాహనాలపై జీఎస్టీని 28 శాతం నుండి 18 శాతానికి తగ్గించారు. ఈ తగ్గింపు పూర్తిగా కొనుగోలుదారునికి చేరినచో రెండు రకాల మధ్య వ్యత్యాసం సుమారు రూ. 2.82 లక్షలకు పెరుగుతుంది.

లెక్క ఇలా

పెట్రోలు లీటరు రూ. 110, మైలేజీ లీటరుకు 18 కి.మీ.గా తీసుకున్నచో కి.మీ.కు రూ. 6.11 ఖర్చవుతుంది. విద్యుత్ రకంలో బ్యాటరీ సామర్థ్యం 14.4 యూనిట్లు. ధ్రువీకరించిన దూరం 155 కి.మీ. అయినప్పటికీ బరువుతో 110 కి.మీ. మాత్రమే నడుస్తుందని, ఛార్జింగ్ నష్టాలతో కలిపి 16.5 యూనిట్లు అవసరమని భావించవచ్చు. యూనిట్ రూ. 9 చొప్పున కి.మీ.కు రూ. 1.35 అవుతుంది. ఆదా రూ. 4.76.

అదనపు ధర రూ. 2.82 లక్షలను 12 శాతం వడ్డీపై నాలుగేళ్ల రుణంగా తీసుకున్నచో నెలసరి వాయిదా సుమారు రూ. 7,430. నెలకు 25 పని దినాలుగా లెక్కించగా:

- రోజుకు 80 కి.మీ. నడిపితే నెలసరి ఆదా సుమారు రూ. 9,520. వాయిదా పోను రూ. 2,090 మిగులు.
- రోజుకు 30 కి.మీ. నడిపితే ఆదా రూ. 3,570 మాత్రమే. ప్రతి నెలా రూ. 3,860 లోటు.
- రోజుకు సుమారు 62 కి.మీ. వద్ద ఆదా, వాయిదా సరిసమానమవుతాయి.

30 కి.మీ. నడిపే వృత్తిదారునికి వడ్డీతో సహా అదనపు వ్యయం తిరిగి రావడానికి ఎనిమిదేళ్లకు పైగా పడుతుంది. ఈ వ్యవధిని బ్యాటరీపై కంపెనీ ఇచ్చే హామీ కాలంతో తప్పక సరిపోల్చుకోవాలి. బీమా, నిర్వహణ, పునర్విక్రయ విలువ ఈ లెక్కలో చేరలేదు. పాత వాహనం కొనుగోలు చేసే ఆలోచన ఉన్నవారికి వ్యత్యాసం మరింత అధికం.

ఇంటి వద్ద ఛార్జింగ్

ఇంటి విద్యుత్ కనెక్షన్ నుండే సొంత వాహనాన్ని ఛార్జి చేసుకోవచ్చని 2022 జనవరిలో కేంద్ర ప్రభుత్వం జారీ చేసిన మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. అయితే రాష్ట్రంలో 2025-26 గృహ విద్యుత్ ధరల ప్రకారం 226 నుండి 400 యూనిట్ల వరకు యూనిట్ రూ. 8.75, ఆపైన రూ. 9.75. నెలకు 200 యూనిట్లు వాడే కుటుంబం రోజుకు 80 కి.మీ. వాహనం నడిపినచో మరో 300 యూనిట్లు చేరి పై శ్లాబులోనికి వెళ్తుంది. పై లెక్కలో యూనిట్‌కు రూ. 9 తీసుకొనుటకు ఇదే కారణం.

రాయితీలు, రుణాలు

2024 అక్టోబరు 1న రూ. 10,900 కోట్లతో ప్రారంభమైన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో మూడు చక్రాల వాహనాలకు నిర్దేశిత సంఖ్య వరకు రాయితీ కల్పించారు. ట్రక్కుల రాయితీ మొత్తం బరువు 3.5 టన్నులు దాటిన వాటికే పరిమితం. అందువలన నాలుగు చక్రాల చిన్న సరుకు వాహనానికి ఈ పథకం ద్వారా రాయితీ లభించదు. బ్యాటరీ రవాణా వాహనాలకు 2018 అక్టోబరులో పర్మిట్ నుండి, 2021 ఆగస్టులో రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం రుసుము నుండి మినహాయింపు ఇచ్చారు. ముద్ర యోజన కింద చిన్న సరుకు వాహనాలకు రుణం పొందవచ్చు.

తీర ప్రాంత జాగ్రత్తలు

2021 నవంబరు పెన్నా వరదలో పడుగుపాడు వద్ద రైలు మార్గం దెబ్బతిన్నది. తుపాను, వరదల వేళ విద్యుత్ సరఫరా నిలిచినచో వాహనమూ నిలిచిపోతుంది. ఉప్పు గాలి వలన ఛార్జింగ్ పిన్నులు, తీగల కలయికలు తుప్పుపట్టే అవకాశమున్నందున తరచు తనిఖీ అవసరం.

ఇతర దేశాలలోనూ ఇదే ప్రశ్న ఉత్పన్నమైంది. ఆస్ట్రేలియాలో 2022 చివర విడుదలైన ఎల్‌డీవీ ఈటీ60 విద్యుత్ పికప్ ధర 92,990 ఆస్ట్రేలియా డాలర్లు కాగా, అదే సంస్థ డీజిల్ పికప్ అందులో సుమారు సగం ధరకే లభించింది.

కావున రోజూ 60 కి.మీ.కు పైబడి తిరిగేవారికి, ఇంటి వద్ద ఛార్జింగ్ వసతి ఉన్నవారికి విద్యుత్ వాహనం ప్రయోజనకరం. చుట్టుపక్కల గ్రామాలకే పరిమితమైన వృత్తులవారు కనీసం ఒక నెల పాటు తమ ప్రయాణ దూరాన్ని నమోదు చేసుకున్న అనంతరమే రుణానికి దరఖాస్తు చేసుకొనుట శ్రేయస్కరం.