ఇంజనులో మిస్సింగు: నాడు, నేడు



మన పల్లెలలో ఇప్పుడు కుటుంబమంతయు కూర్చుండి ప్రయాణింపదగిన ఎత్తైన పెద్దకార్లు విరివిగా కనబడుచున్నవి. వీనిని ఎస్.యు.వి. లనుచున్నారు. పెట్రోలుతో నడచు అట్టి బండి యొకనాడు హఠాత్తుగా వణకుచు, కుంటుచు, మిట్ట నెక్కలేక యీడ్చుకొనుచు పోవును. మెకానిక్కు విని, “మిస్సింగు కొట్టుచున్నది” అనును. ఈ తెగులునకు నూటముప్పది యేండ్లకు మించిన చరిత్ర కలదు. ఆ చరిత్ర నెరిగినవానికి నేటి మరమ్మతులో సగము తెలిసినట్లే యని నా యభిప్రాయము.

సిలిండరులో గాలియు పెట్రోలావిరియు కలిసి పిస్టనుచే నొక్కబడును. సరియైన క్షణమున స్పార్కు ప్లగ్గు కొనయందు నిప్పురవ్వ పుట్టవలెను. అప్పుడు మిశ్రమము మండి పిస్టనును క్రిందికి త్రోయును. రవ్వ తప్పినను, పెట్రోలు పాలు కుదరకున్నను, సిలిండరులో ఒత్తిడి చాలకున్నను ఆ త్రోపు ఉండదు. నలుగురు బోయీలు మోయు పల్లకిలో ఒకడు భుజము తీసినట్లగును. డీసెలు ఇంజనులో స్పార్కు ప్లగ్గే లేదు గనుక ఈ ప్రసంగము దానికి చెల్లదు.

రవ్వను పుట్టించుటయే తొలినాటి శిల్పులకు పెద్ద చిక్కు. 1860లో ప్యారిసునందు లెన్వార్ తన గ్యాసు ఇంజనును విద్యుత్తు రవ్వతో మండించెను. 1886 జనవరి 29న జర్మనీలో కార్ల్ బెంజ్ తన మూడుచక్రముల మోటారుబండికి పేటెంటు కోరెను. ఆ బండిని దూరప్రయాణమునకు తీసినది మాత్రము ఆయన కాదు, ఆయన భార్య బెర్తా. 1888 ఆగస్టులో ఆమె భర్తకు చెప్పకయే, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని, మాన్‌హైమ్ నుండి 100 కిలోమీటర్లకు పైబడిన దూరమందున్న పుట్టినింటికి, ఫోర్ట్స్‌హైమునకు, బయలుదేరెను. దారిలో పెట్రోలు గొట్టము పూడుకొనగా టోపీకి గుచ్చు సూదితో పొడిచి తెరచెను. రవ్వకు విద్యుత్తును దెచ్చు తీగ పైపూత అరిగి బయటపడగా తన మేజోడు పట్టీని చుట్టి కాపాడెను. ఇంధన మొకటి, రవ్వ యొకటి: నేటి మెకానిక్కు మొదట వెదకునవియు ఈ రెండే. కుటుంబపు మోటారుబండికి తొలి మెకానిక్కు ఒక గృహిణి యనుట అతిశయోక్తి కానేరదు.

1902లో స్టుట్‌గార్ట్ నగరమందలి బాష్ కర్మాగారమున గాట్లోబ్ హోనాల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి దగిన స్పార్కు ప్లగ్గును సిద్ధపరచెను. పిమ్మట 1908లో అమెరికాలో ఫోర్డు ‘మోడల్ టి’ కారు వెలువడెను. దీనిగురించి కొంచెము వివరముగా చెప్పవలెను. దానిలో నాలుగు సిలిండర్లకు నాలుగు కాయిళ్లు ఒక కొయ్యపెట్టెలో నుండెడివి. ప్రతి కాయిలుపైనను తుమ్మెదవలె రొదచేయు చిన్న రేకు కలదు. ఇంజను తడబడినచో చోదకుడు ఒకటవ, నాలుగవ రేకులను వ్రేళ్లతో అదిమి పట్టును. రెండును మూడును సమముగా నడచినచో దోషము ఒకటవదానిలోనో నాలుగవదానిలోనో ఉన్నది. తరువాత నాలుగవదానిని విడిచి తక్కిన మూటిని అదుమును. అది చక్కగా నడచినచో దోషి ఒకటవదే. తర్కము చదివినవారు దీనినే అన్వయవ్యతిరేకము లందురు. ఏది యున్నచో కార్య ముండునో, ఏది లేనిచో కార్యము లేదో, అదియే కారణము. ఈ సూత్రమును చోదకులు వ్రేళ్లతోనే యభ్యసించిరి.

1910 ప్రాంతమున చార్లెస్ కెట్టరింగ్ అన్ని సిలిండర్లకు ఒకే కాయిలు పెట్టి, డిస్ట్రిబ్యూటరు ద్వారా రవ్వను పంచు పద్ధతిని నెలకొల్పెను. మన దేశమున 1957 నుండి 2014 వరకు తయారైన అంబాసిడరు కార్లలో పెట్రోలు బండ్లు చిరకాల మీ పద్ధతిననే నడచినవి. పాయింట్లను గరుకు కాగితముతో రుద్దుట, ప్లగ్గు తీగలను ఒక్కొక్కటిగా ఊడదీసి ఇంజను ధ్వనిని వినుట ఆనాటి మెకానిక్కుల విద్య. ఏ తీగ తీసినను మార్పు లేదో ఆ సిలిండరే చచ్చినది.

నేటి బండ్లలో డిస్ట్రిబ్యూటరు పోయినది. ప్రతి ప్లగ్గు నెత్తిన ఒక కాయిలు వచ్చినది. అనగా మోడల్ టి నాటి నలుగురు కాయిళ్ల కుటుంబము మరల వచ్చినదే! వినుటకు మాత్రము చెవికి బదులు కంప్యూటరు. ఇరుసు తిరుగు వేగమును అది పళ్లచక్రము ద్వారా కనిపెట్టుచుండును. ఒక్క త్రోపు తప్పిన వేగ మించుక తగ్గును. ఆ తగ్గుదలను బట్టి సిలిండరును గుర్తించును. అమెరికాలో 1996 నుండి కార్లకు ఈ కాపలా తప్పనిసరి యైనది. పి 0301 అనగా ఒకటవ సిలిండరు, పి 0302 అనగా రెండవది. పి 0300 అనగా ఫలానిదని చెప్పరాని తడబాటు.

ఇచ్చటనే పలువురు పొరబడుదురు. సంకేతము దోషమున్న చోటును చెప్పును గాని కారణమును చెప్పదు. మొన్నటి వానకాలమున మా తమ్ముని యింటి పెద్దకారునకు పి 0302 వచ్చెను. పట్టణములో ఒక వర్క్‌షాపువారు నాలుగు కాయిళ్లు, నాలుగు ప్లగ్గులు, ఇంజెక్టర్లు శుభ్రపరచుట యని జాబితా వ్రాసి యిచ్చిరి. ఆ మొత్తమునకు మంచి ఎద్దుల జతలో ఒక ఎద్దయినను వచ్చియుండును! మరియొక వృద్ధ మెకానిక్కు బండిని చల్లారనిచ్చి, రెండవ కాయిలును మూడవచోటను, మూడవదానిని రెండవచోటను పెట్టి, సంకేతమును తుడిచి నడిపించెను. ఈసారి పి 0303 వచ్చెను. కాయిలుతో కూడ దోషము కదలినది గనుక కాయిలే కారణము. సంకేతము రెండవ చోటనే నిలిచియున్నచో ప్లగ్గును, పిదప ఇంజెక్టరును, కడపట సిలిండరు ఒత్తిడిని చూడవలసి యుండెడిది.

ఈ పనిని వాయిదా వేయరాదు. మండని పెట్రోలు పొగగొట్టమున నున్న క్యాటలిటిక్ కన్వర్టరులో మండి దానిని అతిగా వేడెక్కించి చెరచును. దాని వెల కాయిలు వెలకంటె ఎన్నో రెట్లు. ఇంజను దీపము మిణుకుమిణుకు మనినచో ఈ ప్రమాద మాసన్నమైనదని యర్థము. వేగము తగ్గించి, అనువైన చోట బండి నాపివేయవలెను.

ఊడదీసిన కాయిలు నేను చూచితిని. దాని రబ్బరు తొడుగుపై వెంట్రుకవాసి చీలిక. విద్యుత్తు ప్లగ్గునకు పోక ఆ చీలికనుండి ప్రక్కయినుమునకు దారితప్పినది. బెర్తా బెంజ్ పట్టీ చుట్టి మాన్పినదియు ఇట్టి తెగులే. ఒక్క కాయిలు మార్చిరి. తక్కిన మూడును నేటికిని పనిచేయుచున్నవి.