ఫతే మైదాన్ నుంచి ఉప్పల్ దాకా – బస్సెక్కి మ్యాచ్ చూసినవారి చరిత్ర

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. కుతుబ్‌షాహీల గురించో, నిజాముల పాలన గురించో రాస్తాననుకుని ఉంటారు. ఆ పని నాకంటే బాగా చేయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ఎత్తుకున్నది చిన్న విషయం. ఈ నగరంలో సొంత వాహనం లేని మనిషి క్రికెట్ మ్యాచ్ చూడటానికి ఎలా వెళ్ళేవాడు, ముఖ్యంగా ఎలా తిరిగి వచ్చేవాడు అన్నది. ఎవరు ఎన్ని పరుగులు తీశారో పుస్తకాల్లో దొరుకుతుంది. ఈ రాకపోకల సంగతి మాత్రం నాకెక్కడా కనిపించలేదు.

పాతకాలం వారికి మైదానమంటే ఫతే మైదానే. 1687లో గోల్కొండను ముట్టడించిన మొగలు సైన్యం అక్కడ విడిది చేసిందనీ, కోట చిక్కాక ఆ చోటుకు ఈ పేరు వచ్చిందనీ చెబుతారు. తర్వాత లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు పెట్టారు గాని, మా తరం వాళ్ళ నోటికి పాత పేరే అలవాటు. దాని గొప్పతనం పేరులో లేదు, అది ఉన్న చోటులో ఉంది. ఒకవైపు బషీర్‌బాగ్, ఒకవైపు గన్‌ఫౌండ్రీ, ఎదుట నిజాం కళాశాల మైదానం. 1907 నుంచీ ఉన్న నాంపల్లి స్టేషను నుంచి ఇరవై నిమిషాల నడక. ఏ పేటవాడైనా ఆబిడ్స్ వైపు వెళ్ళే బస్సు ఎక్కితే చాలు. నిజాం ప్రభుత్వ రైల్వే వారు 1932లో 27 బస్సులతో మొదలుపెట్టిన సర్వీసే 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయింది. ఆ బస్సుల్లో సగం మైదానం చుట్టుపక్కలే తిరిగేవని మాకు అనిపించేది.

1955 నవంబరులో ఇక్కడ మొదటి టెస్టు మ్యాచ్ జరిగింది. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడలేదు, హైదరాబాదు రాష్ట్రమే. వికారాబాదులో ఉపాధ్యాయుడిగా ఉన్న మా నాన్నగారు పొద్దుటి రైలెక్కి నాంపల్లిలో దిగి, నడిచి వెళ్ళి ఆట చూసి, సాయంత్రం రైలుకే తిరిగి వచ్చారు. ఆ మ్యాచ్‌లో పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేశాడు. టెస్టుల్లో మన దేశం తరఫున మొట్టమొదటి డబుల్ సెంచరీ అది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఉమ్రీగర్ కొట్టిన దెబ్బల కంటే, పగలంతా ఆట చూసి కూడా నాన్నగారు రాత్రి భోజనానికి ఇంట్లో ఉన్నారన్నదే నాకు బాగా గుర్తు.

నేను 1968లో ఉద్యోగంలో చేరాను. మా ఆఫీసు గన్‌ఫౌండ్రీలో. మరుసటి ఏడు అక్టోబరులో న్యూజిలాండ్ జట్టు వచ్చింది. సెక్షన్‌లో సగంమంది క్యాజువల్ లీవు పెట్టారు. పెట్టని వాళ్ళు మధ్యాహ్నం టీ వేళకు మాయమయ్యారు. ఆ మ్యాచ్‌లో మనవాళ్ళు మొదటి ఇన్నింగ్స్‌లో 89కే ఆలౌట్ అయ్యారు. చివరి రోజు 7 వికెట్లకు 76 పరుగుల దగ్గర ఉండగా కుండపోత వర్షం కురిసి పరువు కాపాడింది. ఆ వానలో తడుస్తూ లక్డీకాపూల్ దాకా నడిచి మెహదీపట్నం బస్సెక్కాను. అందరమూ తడిసే ఉన్నాం కనుక కండక్టరు ఎవరినీ ఏమీ అనలేదు.

1988 డిసెంబరులో మళ్ళీ న్యూజిలాండే. ఈసారి పది వికెట్లతో గెలిచాం. 1999 నవంబరు 8న సచిన్ 186, ద్రావిడ్ 153 కొట్టి 331 పరుగుల భాగస్వామ్యం నిలిపింది ఇక్కడే, వాళ్ళ మీదనే. 2003 నవంబరు 15న ఫతే మైదాన్‌లో జరిగిన ఆఖరి అంతర్జాతీయ వన్డేలోనూ ప్రత్యర్థి న్యూజిలాండే. ఈ ఊరికీ ఆ దేశానికీ ఏ జన్మ ఋణమో!

నేను పదవీ విరమణ చేసిన 2005లోనే మైదానం కూడా మారింది. పాత స్టేడియం ప్రభుత్వ క్రీడా సంస్థ చేతిలో ఉండేది. క్రికెట్ సంఘం తనకంటూ ఒక మైదానం కావాలనుకుని ఉప్పల్‌లో కట్టించుకుంది. నవంబరు 16న దక్షిణాఫ్రికాతో మొదటి వన్డే జరిగింది. సుమారు 39,000 మంది పట్టే చక్కని స్టేడియం. కట్టడాన్ని వేలెత్తి చూపను. కానీ అప్పట్లో మాబోటి వాళ్ళకు ఉప్పల్ అంటే వరంగల్ బస్సు ఊరు దాటే చోటు. యాదగిరిగుట్టకు వెళ్ళేటప్పుడు కిటికీలోంచి చూసే ఊరు.

మెహదీపట్నం నుంచి ఉప్పల్‌కు 113 ఎం బస్సు ఉండేది. నగరం ఈ కొస నుంచి ఆ కొసకు. లక్డీకాపూల్, నారాయణగూడ, అంబర్‌పేట, రామంతపూర్ అన్నీ దాటాలి. కూర్చోవడానికి సీటు దొరికితే అదీ ఒక ప్రయాణమే, కునుకు తీయవచ్చు. వెళ్ళడం వరకు పెద్ద ఇబ్బంది లేదు. జనం ఉదయం నుంచీ కొద్దికొద్దిగా వస్తారు. చిక్కంతా తిరుగు ప్రయాణంలోనే. ముప్పై వేలమంది ఒకే పావుగంటలో బయటికి వస్తారు, అదీ రాత్రి పదిన్నరకు.

2009 నవంబరు 5న ఆస్ట్రేలియాతో ఆడిన మ్యాచ్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. వాళ్ళు 350 చేశారు. సచిన్ 175 కొట్టినా మనం 347 దగ్గర ఆగి, మూడు పరుగులతో ఓడాం. జనగామలో స్థిరపడిన పాత సహోద్యోగి ఒకరు నాతో వచ్చారు. ఇద్దరమూ అరవై దాటినవాళ్ళమే. బయటికి వచ్చేసరికి రింగు రోడ్డు అంతా మోటారు సైకిళ్ళు, కార్లు. బస్సులు ఉన్నాయి గాని కదిలే దారి లేదు. ఆయన రింగు రోడ్డు దగ్గర వరంగల్ వెళ్ళే బస్సు ఎక్కారు. నేను హబ్సిగూడ మీదుగా తార్నాక దాకా నడిచి, అక్కడ నలుగురితో కలిసి ఆటో పట్టుకుని, అటునుంచి మరో ఆటోలో ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటింది. పొద్దున్నే ఆయన ఫోను. "ఏం అన్నా, ఇల్లు చేరిన్రా? నేను ఒంటిగంటకల్లా వచ్చి అన్నం గూడ తిన్న."

ఇందులో నవ్వుతో పాటు న్యాయం కూడా ఉంది. ఫతే మైదాన్ నాకు దగ్గర, ఆయనకు దూరం. ఉప్పల్ వచ్చాక భువనగిరి, జనగామ, వరంగల్ వాళ్ళకు మైదానం గుమ్మంలోకి వచ్చినట్టయింది. మైదానం మారుమూలకు పోయిందని మనం అనేటప్పుడు ఎవరి ఇంటి నుంచి కొలుస్తున్నామో చూసుకోవాలి. అయితే దూరం కంటే వేళ పెద్ద సమస్య అని నా అభిప్రాయం. 2010లో ఉప్పల్‌లో జరిగిన మొదటి టెస్టుకు (అవును, న్యూజిలాండే) ఇదే 113 ఎంలో వెళ్ళి, సాయంత్రం వెలుగుండగానే సుఖంగా ఇంటికి వచ్చాను. టెస్టు మ్యాచ్ బస్సు మనిషి ఆట. రాత్రి మ్యాచ్ బండి ఉన్నవాడి ఆట. 2008 నుంచి ఐపీఎల్ రావడంతో ఎక్కువ మ్యాచ్‌లు రాత్రివే అయ్యాయి, మన వయసువాళ్ళు టీవీ ముందు కూర్చున్నారు. స్టేడియానికి రావాలన్న కోరిక తీరి కాదు, ఇంటికి ఎలా రావాలో తెలియక.

2017 నవంబరు 28న మెట్రో రైలు ప్రారంభమైంది. మియాపూర్ నుంచి అమీర్‌పేట మీదుగా నాగోలు దాకా 30 కిలోమీటర్లు, 24 స్టేషన్లు. అందులో ఒకదాని పేరే 'స్టేడియం'. మైదానం కట్టిన పన్నెండేళ్ళకు దానికి రైలు వచ్చింది. 2018 సెప్టెంబరులో ఎల్బీ నగర్ మార్గం తెరిచాక నాంపల్లి, అసెంబ్లీ స్టేషన్లు కూడా వచ్చాయి. అంటే అంతర్జాతీయ మ్యాచ్‌లు లేని ఫతే మైదాన్‌కు కూడా రైలు సౌకర్యం కలిగింది! గచ్చిబౌలి స్టేడియం మాత్రం 2002 జాతీయ క్రీడల నాటి నుంచీ ఉన్నా, 2019లో రాయదుర్గం దాకా వచ్చిన మెట్రో దాన్ని అందుకోకుండానే ఆగిపోయింది.

2024 జనవరిలో ఇంగ్లాండ్‌తో టెస్టుకు వెళ్ళాను. మెహదీపట్నానికి మెట్రో లేదు కనుక లక్డీకాపూల్ దాకా బస్సు. మా ఆవిడకు 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకిచ్చిన ఉచిత ప్రయాణం, నాకు టికెట్టు. అక్కడ మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, స్టేడియం స్టేషన్లో దిగాం. ఒలీ పోప్ 196 కొట్టాడు, టామ్ హార్ట్‌లీ రెండో ఇన్నింగ్స్‌లో ఏడు వికెట్లు తీశాడు, మనం 28 పరుగులతో ఓడాం. మా ఆవిడ పులిహోర తెస్తానంది గాని, బయటి తిండి, నీళ్ళ సీసాలు లోపలికి రానివ్వరు. ఫతే మైదాన్‌లో ఒక్కొక్కరి క్యారియరు ఐదుగురు తినేవారు.

వెళ్ళదలచిన మిత్రులకు కొన్ని మాటలు. స్టేషన్లో లిఫ్టు ఉంది, మెట్లు ఎక్కనవసరం లేదు. అక్కడి నుంచి స్టేడియానికి సుమారు కిలోమీటరు నడక ఉంటుంది. మీ గేటు అవతలి వైపైతే చుట్టు తిరగాలి, కాబట్టి టికెట్టు మీద గేటు నంబరు ముందే చూసుకోండి. వరంగల్ వైపు నుంచి వచ్చేవారు ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర దిగితే, 2023 జూన్‌లో తెరిచిన పాదచారుల వంతెన మీదుగా రోడ్డు దాటవచ్చు. దానికీ లిఫ్టులున్నాయి. 2024లో ఐపీఎల్ రాత్రుల్లో అర్ధరాత్రి దాటాక కూడా మెట్రో నడిపారు. ఆ ఏర్పాటు ప్రతి మ్యాచ్‌కూ ఉంటుందని అనుకోకుండా, ఆ రోజు పేపర్లో ఆఖరి రైలు వేళ చూసుకుని బయలుదేరండి. స్మార్టు కార్డులో తిరుగు ప్రయాణానికి సరిపడా డబ్బు పొద్దున్నే వేసుకుంటే రాత్రి టికెట్టు వరుసలో నిలబడే పని ఉండదు. జనగామ మిత్రుడు వచ్చే మ్యాచ్‌కు నన్ను రమ్మంటున్నారు. పగటి ఆట అయితే వస్తానని చెప్పాను.