సెస్నా 152: ఒక పాత శిక్షణ విమానం లెక్కల పరిశీలన

2022 ఫిబ్రవరి 26న నల్లగొండ జిల్లా పెద్దవూర మండలంలోని తుంగతుర్తి పొలాల్లో ఒక శిక్షణ విమానం కూలింది. ఆనాటి కథనాలను వెలువడిన వరుసలో చదివితే తేడాలు కనిపిస్తాయి. తొలి వార్తల్లో కొన్ని దాన్ని హెలికాప్టర్ అన్నాయి, మృతులు ఇద్దరని రాశాయి. తర్వాతి వార్తలను బట్టి అది సెస్నా 152 అనే రెండు సీట్ల విమానం. అందులో ఉన్నది శిక్షణలో ఉన్న యువ పైలట్ ఒక్కరే.

ఊరి పేరు విషయంలోనూ జాగ్రత్త అవసరం. తుంగతుర్తి పేరుతో సూర్యాపేట జిల్లాలో ఒక శాసనసభ నియోజకవర్గం ఉంది. 2016 అక్టోబర్ 11న జిల్లాల విభజన జరిగేవరకు ఈ రెండు తుంగతుర్తులూ నల్లగొండ జిల్లాలోనే ఉండేవి. విమానం బయలుదేరిన నాగార్జునసాగర్ రన్‌వే కృష్ణకు కుడిగట్టున ఉంది. ప్రమాదం నాటికి అది గుంటూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4 తర్వాత పల్నాడు జిల్లా. కాబట్టి రెండు కథనాల్లో రెండు జిల్లాల పేర్లు కనిపించినంత మాత్రాన ఒకటి తప్పని తేల్చలేం. ముందు వాటి తేదీలు చూడాలి.

ఇటీవలి సంఘటనకే ఇంత సవరణ అవసరమైతే, దశాబ్దాల కిందటి విమాన నమూనా లెక్కలను ఇంకెంత నిదానంగా చూడాలో ఊహించవచ్చు. సెస్నా 152లు మొత్తం ఎన్ని తయారయ్యాయన్న ప్రశ్నకు సాధారణంగా వచ్చే జవాబు 7,584. ఈ అంకె ఎలా ఏర్పడిందో, దేనికి వర్తిస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. తయారీ వరుస సంఖ్యలు. ప్రతి విమానానికీ కర్మాగారం ఇచ్చే సంఖ్య ఒకటి ఉంటుంది. యజమాని మారినా, దేశం మారినా అది మారదు. అమెరికాలో తయారైన మామూలు 152ల సంఖ్యలు 15279406తో మొదలై 15286033తో ముగుస్తాయి. రెండు కొసలనూ కలుపుకొంటే 6,628. వరుస 79406 దగ్గర మొదలు కావడానికి కారణం ఉంది. దీనికి ముందున్న సెస్నా 150 వరుస 15079405తో ఆగింది. కొత్త నమూనా అక్కడి నుంచే లెక్క కొనసాగించింది.

2. ఉపరకాలు. గాలిలో విన్యాసాలకు అనువుగా గట్టిపరచిన ఏరోబాట్ రకం వరుస A1520735 నుంచి A1521049 వరకు, అంటే 315. ఫ్రాన్స్‌లోని రైమ్స్ సంస్థ తయారుచేసిన F152 వరుస F15201429 నుంచి F15201980 వరకు, అంటే 552. అదే సంస్థ ఏరోబాట్‌లు 89. ఈ నాలుగింటినీ కూడితే సరిగ్గా 7,584 వస్తుంది.

ఈ పొందికను బట్టి ప్రచారంలో ఉన్న అంకెకు వరుస సంఖ్యలే ఆధారమై ఉండవచ్చునని అనిపిస్తుంది. అయితే వరుసలో సంఖ్య ఉన్నంత మాత్రాన ఆ విమానం తయారై, అమ్ముడై, ఎగిరిందని చెప్పలేం. అందువల్ల 7,584ను గరిష్ఠ పరిమితిగా తీసుకోవడం క్షేమం. పైగా 'సెస్నా 152' అంటే మామూలు రకం మాత్రమే అనుకుంటే 6,628, అమెరికా ఏరోబాట్‌లను కలిపితే 6,943, ఫ్రాన్స్ విమానాలనూ కలిపితే 7,584. నిర్వచనం స్పష్టంగా చెబితే మూడూ సమర్థనీయమే.

3. సంవత్సరాలు. తయారీ 1977లో మొదలైంది, కానీ ఆ తొలి విమానాలు 1978 మోడల్‌గా లెక్కకెక్కాయి. తయారీ సంవత్సరాన్ని ఒక పట్టికా, మోడల్ సంవత్సరాన్ని మరో పట్టికా అనుసరిస్తే ఏడాది తేడా సహజం. మోడల్ సంవత్సరం ప్రకారం మామూలు రకం వరుసలు ఇలా తేలతాయి: 1978లో 2,626, 1979లో 1,560, 1980లో 950, 1981లో 620, 1982లో 433, 1983లో 239, 1984లో 106, 1985లో 94. మొత్తం మళ్లీ 6,628. మొదటి రెండు మోడళ్లే మొత్తంలో 60 శాతానికి పైగా ఉన్నాయి. 1985 తర్వాత ఈ రకం తయారీ లేదు కనుక, ఇప్పుడు ఎగిరే ఏ సెస్నా 152 అయినా నాలుగు దశాబ్దాల నాటిదే.

4. నమోదు గుర్తులు. భారతదేశంలో పౌర విమానం మీద VT అక్షరాలు, గీత, మరి మూడు అక్షరాలు ఉంటాయి. 1937 నాటి విమాన నియమాల కింద పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ ఈ నమోదు చేస్తుంది. గుర్తును బట్టి దేశం తెలుస్తుంది గానీ రాష్ట్రం, జిల్లా, నమూనా తెలియవు. నాగార్జునసాగర్ మీద ఎగిరే విమానం తెలంగాణదా, ఆంధ్రప్రదేశ్‌దా అన్న ప్రశ్నకు దాని గుర్తులో జవాబు దొరకదు. ఇంకొక చిక్కు కూడా ఉంది. అమెరికాలో N గుర్తుతో నమోదై, తర్వాత ఇక్కడికి వచ్చి VT గుర్తు పొందిన విమానం రెండు దేశాల చరిత్రల్లోనూ కనిపిస్తుంది. అన్ని దేశాల నమోదులనూ కూడితే, ఉన్న విమానాల కన్నా ఎక్కువ లెక్క వచ్చే అవకాశం ఉంది. దీన్ని నివారించాలంటే తయారీ వరుస సంఖ్యతో సరిపోల్చడమే నమ్మదగిన మార్గం.

పై ఆధారాలను బట్టి పరిమితమైన నిర్ణయాలకు మాత్రమే రాగలం. ఒకటి, 7,584 అనేది నాలుగు వరుసల మొత్తంగా నిలుస్తుంది. ఎగురుతున్న విమానాల లెక్కగా నిలవదు. రెండు, తయారైనవి, నమోదైనవి, ఎగరడానికి యోగ్యత పత్రం ఉన్నవి అనే మూడు లెక్కలనూ విడివిడిగా, తేదీతో సహా చెప్పాలి. మూడు, స్థలం పేరు రాసేటప్పుడు ఆనాటి జిల్లా, మండలం రెండూ ఉండాలి.

ఈ పట్టింపు అనవసరమని కొందరికి తోచవచ్చు. కానీ పెద్దవూర పొలంలో ముగిసింది ఒక నిండు జీవితం. ఆ రోజు ఏ విమానం, ఏ ఊళ్లో, ఎంతమందితో కూలిందో రేపు వెతికే మనిషికి సరైన సంగతి దొరకాలి. తొలి వార్త ఒక్కటే చూసి ఆగితే ఆయనకు దొరికేది ఒక హెలికాప్టర్, ఇద్దరు మృతులు.