బీజము మాట మరచితిమి

సంతానార్థులైన దంపతులు సింహాచలంలోని కప్పస్తంభాన్ని ఆలింగనం చేసుకోవడం విశాఖ ప్రాంతంలో తరతరాల ఆచారం. ఆ స్తంభం క్రింద సంతానగోపాల యంత్రం ఉన్నదని భక్తుల విశ్వాసం. మొక్కు ఇద్దరిదీ, నింద మాత్రం ఆమెదే. ‘గొడ్రాలు’ అన్న మాట ప్రతి ఊళ్ళోనూ వినబడుతుంది. పురుషునికి అంతగా వాడుకలో ఉన్న మాట ఏదీ?

మన ప్రాచీన శాస్త్రం ఇంత పక్షపాతం చూపలేదు. ఋతువు, క్షేత్రము, అంబువు, బీజము – అనగా తగిన కాలం, గర్భాశయం, పోషకరసం, బీజం – ఈ నాలుగూ సమకూడితేనే గర్భం నిలుస్తుందని సుశ్రుతసంహిత శారీరస్థానం చెప్పింది. 1677లో లీవెన్‌హుక్ సూక్ష్మదర్శినిలో శుక్రకణాలను చూచిన నాటినుండి పురుషబీజం పరీక్షకు అందే వస్తువయింది.

విశాఖలో వైద్యకళాశాల, కింగ్ జార్జి ఆసుపత్రి 1923లో వెలిశాయి. 1978లో ఇంగ్లండులోను, కలకత్తాలోను పరీక్షనాళిక శిశువులు జన్మించారు. ఆ ఖరీదైన చికిత్స పల్లెవాసులకు నేటికీ భారమే. అయితే తొలి పరీక్షలకు అంత వ్యయం అక్కరలేదు. నెలసరి క్రమం అడగడం, అండవాహికలను మూసివేయగల క్షయ సోకిందేమో విచారించడం, భర్త వీర్యాన్ని సూక్ష్మదర్శినిలో చూడడం చిన్న ఆసుపత్రిలోనూ సాధ్యమే.

ఆ చివరి పరీక్షకే భర్తలు వెనుదీస్తారు. అంతవరకు భార్య మ్రింగే మందులన్నీ చీకటిలో వేసిన బాణాలే కదా! సుశ్రుతుడు నాలుగవదిగా లెక్కించిన బీజాన్ని మనం మొదటనే పరీక్షించడం న్యాయం.