గుడ్డా, జిగురూ, విమానం



విమానాల గురించి ప్రసంగం అనగానే "ఇది మగవాళ్ళ వ్యవహారం, మనకెందుకు?" అని రేడియో కట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోకండి. ఈవేళ నేను చెప్పబోయే సంగతికి మన వంటింటితోనూ, కుట్టుమిషనుతోనూ, మగ్గంతోనూ ఉన్న చుట్టరికం అంతా ఇంతా కాదు.

మన కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో గల్ఫు దేశాలకు మనిషిని పంపని ఊరు అరుదు. పిల్లవాడు ప్రయాణమయ్యే ముందురోజు ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. పచ్చడి డబ్బా, సకినాల పొట్లం, బట్టలు అన్నీ సర్దిన పెట్టెను తల్లి పదిసార్లు తూకం వేయిస్తుంది. కిలో ఎక్కువైతే దింపెయ్యమంటారు, లేదా డబ్బు కట్టమంటారు. ఆ తల్లి పెట్టెను తూచినట్టే విమానం కట్టేవాళ్ళు ప్రతి రెక్కనూ, ప్రతి తలుపునూ తూస్తారు. బరువు తగ్గాలి, బలం మాత్రం తగ్గకూడదు. నూట ఇరవై ఏళ్ళ విమాన చరిత్రలో సగం కథ ఈ ఒక్క మాటలోనే ఉంది.

1903లో అమెరికాలో రైటు సోదరులు ఎగరేసిన మొదటి విమానం దేనితో చేశారనుకున్నారు? కర్రతోనూ, మస్లిన్ గుడ్డతోనూ. రెక్కల గుడ్డను ఆ అన్నదమ్ములే కుట్టుమిషను మీద కుట్టుకున్నారు. కర్ర ఎముక, గుడ్డ చర్మం. మొదటి ప్రపంచ యుద్ధం దాకా విమానాలన్నీ దాదాపు ఇలాంటివే.

ఇక్కడ మన ఊళ్ళకు సంబంధించిన ముక్క ఒకటి ఉంది. ఆ యుద్ధం చివర 1918లో, హైదరాబాదు నిజాం ఇచ్చిన డబ్బుతో బ్రిటిషు వాయుసేనలో 110వ దళానికి డి.హెచ్.9ఎ అనే విమానాలు సమకూరాయి. ఆ దళానికి హైదరాబాదు పేరే పెట్టారు. ఒక్కొక్క విమానం మీద నిజాం బహూకరించాడని రాయించారు. వాటిలో ఒకటి శత్రువుల చేతికి చిక్కి, జర్మనీ, పోలండు దేశాలు తిరిగి, 1977లో బ్రిటన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్సు మ్యూజియానికి చేరింది. అప్పుడు కామారెడ్డీ, ఎల్లారెడ్డీ రెండూ నిజాం రాజ్యంలో, నిజామాబాదు జిల్లాలో ఉండేవి. ఖజానా నిండింది రైతు కట్టిన శిస్తుతోనే కదా! ఎడ్లబండి తప్ప మరో బండి ఎరుగని మన ముత్తాతల చెమట కూడా ఆ కర్రా గుడ్డా విమానాల్లో పిసరంత ఉందనుకోవడంలో తప్పేమీ లేదు.

ఆ గుడ్డకు ఒక పూత పూసేవారు. మనం చీరకు గంజి పెడితే బిగుసుకుంటుంది చూడండి, అలాగన్నమాట. ఆ పూత ఆరితే గుడ్డ డోలు చర్మంలా బిగిసేది. గుడ్డ కుట్టడం, పూత వేయడం బ్రిటన్ ఫ్యాక్టరీల్లో చాలావరకు ఆడవాళ్ళ పని. తొలి రోజుల్లో ఆ పూతలోని ఒక ద్రావకం ఘాటుకు కామెర్లు వచ్చి కొందరు ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు. ఆ తరువాతే మందు మార్చారు, గాలి ఆడే ఏర్పాట్లు పెంచారు. ఎగిరినవాళ్ళ పేర్లు పుస్తకాలకెక్కాయి. పూత పూసినవాళ్ళ పేర్లు ఎందరికి తెలుసు?

తరువాత అల్యూమినియం కాలం వచ్చింది. 1945లో ఏర్పడిన మన దక్కన్ ఎయిర్‌వేస్ నడిపిన డకోటాలు లోహపు విమానాలే. చాలా కంపెనీలు "ఆడపిల్లకు విమానం ఇస్తామా?" అని తిప్పి పంపిన ప్రేమ్ మాథుర్‌కు పైలట్ ఉద్యోగం ఇచ్చింది ఈ హైదరాబాదు కంపెనీయే. మన దేశంలో ప్రయాణికుల విమానం నడిపిన మొదటి మహిళ ఆవిడే. 1953లో విమాన కంపెనీలను జాతీయం చేసినప్పుడు దక్కన్ ఎయిర్‌వేస్ కూడా ప్రభుత్వ సంస్థలో కలిసిపోయింది.

లోహం వచ్చాక కర్రా గుడ్డా మూలపడ్డాయని అందరూ అనుకున్నారు. కానీ అవి వేషం మార్చుకుని మళ్ళీ వచ్చాయి. అదే కాంపోజిట్ కథ. తెలుగులో మిశ్రమ పదార్థం అందాం.

మిశ్రమ పదార్థం అంటే ఏమిటి? పాలలో చక్కెర వేస్తే కరిగిపోతుంది, ఏది ఏదో తెలియదు. రాగీ తగరమూ కరిగించి కంచు చేయడం అలాంటిది. పల్లీపట్టీ సంగతి వేరు. కామారెడ్డి బెల్లం పాకం పట్టి పల్లీలు పోస్తే, బెల్లం బెల్లంగానే ఉంటుంది, పల్లీ పల్లీగానే ఉంటుంది. అయినా రెండూ కలిసి ఒకే గట్టి పలక అవుతుంది. ఇదీ మిశ్రమ పదార్థం. ఒకటి బలం ఇస్తుంది, రెండోది పట్టి ఉంచుతుంది.

మన పెద్దవాళ్ళకు ఇది కొత్త విద్య కాదు. మట్టిలో వరిగడ్డి వేసి తొక్కి గోడ పెట్టారు. వెదురు తడికకు పేడా మట్టీ మెత్తి గుమ్మి చేసి వడ్లు పోశారు. పాత కాగితాలు నానబెట్టి, మెంతులు వేసి రోట్లో రుబ్బి, బోర్లించిన బిందె మీద మెత్తి ఎండబెట్టి బుట్టలు చేసుకున్నారు. అందులో కాగితపు పీచు బలం, మెంతి జిగురు పట్టు, బిందె అచ్చు. ఈనాటి విమానం రెక్క తయారయ్యేదీ ఈ మూడింటితోనే. పీచు మారింది, జిగురు మారింది, అచ్చు పెద్దదయింది, అంతే.

రెండో ప్రపంచ యుద్ధంలో 1940లో బ్రిటన్‌లో ఎగిరిన మాస్కిటో విమానం ఇందుకు మంచి ఉదాహరణ. మన నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి కర్రలాంటి తేలికైన బాల్సా కర్రను నడుమ పెట్టి, అటూ ఇటూ గట్టి కర్ర పొరలు జిగురుతో అతికించారు. కుర్చీలూ బల్లలూ చేసే వడ్రంగులు కూడా ఆ పనిలో చేయి వేశారు. విమానం జోరుగా పోయేది. కానీ 1944లో మన దేశపు వేడికీ, వానకూ కొన్నింటి అతుకులు వీడి ప్రమాదాలు జరిగాయి. పీచు ఎంత గొప్పదైనా జిగురూ, అతికే చేయీ సరిగా లేకపోతే ఆకాశంలో కాపాడేవాళ్ళుండరు. ఇది మొదటి పాఠం.

తరువాత గాజుపీచు వచ్చింది, ఆ వెనుక బొగ్గుపీచు, అంటే కార్బన్ ఫైబర్. ఎడిసన్ తన దీపంలో వెలిగించింది కూడా కాల్చి బొగ్గు చేసిన వెదురు ఈనెనే. 1960 తరువాతి సంవత్సరాల్లో జపాను, బ్రిటన్ శాస్త్రజ్ఞులు చాలా బలమైన బొగ్గుపీచు తీయగలిగారు. ఒక్కొక్క పోగు మన తలవెంట్రుకలో సుమారు పదో వంతు సన్నం. ఒకే కొలతలో మూడు దిమ్మెలు పోతపోశారనుకోండి. ఉక్కుది దాదాపు ఎనిమిది కిలోలు తూగితే, అల్యూమినియంది రెండు కిలోల ఏడు వందల గ్రాములు, బొగ్గుపీచుదీ జిగురుదీ కలిపి కిలో ఆరు వందల గ్రాములే!

ఈ కాలంలోనే ఒక స్త్రీ పేరు గుర్తు పెట్టుకోవాలి: స్టెఫనీ క్వాలెక్. డాక్టరీ చదువుకు డబ్బు కూడబెట్టుకుందామని 1946లో అమెరికాలో డుపాంట్ కంపెనీలో చేరి, ఆ రసాయన శాస్త్రంలోనే స్థిరపడిపోయిన మనిషి. 1965లో ఆమె తయారు చేసిన ఒక ద్రావణం పలచగా, మజ్జిగలా మబ్బుగా వచ్చింది. ఇంకొకరైతే చెడిపోయిందని పారబోసేవారు. నూలు తీసే యంత్రం దగ్గర ఉన్నాయన కూడా దాన్ని పొయ్యడానికి జంకాడు. ఆవిడ పట్టుబట్టి తీయించింది. అదే కెవ్లార్. బరువుకు బరువు చూస్తే ఉక్కు కంటే అయిదు రెట్లు బలం. తుపాకీ గుండు తగలకుండా తొడిగే కవచాల్లోనూ, విమాన భాగాల్లోనూ దాన్ని వాడారు.

అన్నీ విజయాలే కావు. బ్రిటన్‌లో పేరుమోసిన రోల్స్‌రాయిస్ కంపెనీ తన కొత్త ఇంజనుకు బొగ్గుపీచుతో పంకా రెక్కలు చేసింది. ఎగిరే విమానంలోకి పక్షి దూరితే ఏమవుతుందో చూడటానికి చచ్చిన కోడిని ఫిరంగితో పేల్చినట్టు తిరిగే పంకాలోకి విసురుతారు. నవ్వకండి, ఇప్పటికీ అలాంటి పరీక్ష ఉంది! 1970లో ఆ పరీక్షలో రెక్కలు తట్టుకోలేకపోయాయి. మళ్ళీ టైటానియం లోహానికే తిరిగి పోవలసి వచ్చింది. ఆ ఇంజను మీద పెరిగిన ఖర్చులన్నీ కలిసి 1971 ఫిబ్రవరిలో కంపెనీ దివాళా తీసింది. ప్రభుత్వం చేతిలోకి తీసుకుని నిలబెట్టింది. అయినా ఆ ఆలోచన చావలేదు. 1995లో బోయింగు 777 విమానానికి వచ్చిన జి.ఇ.90 ఇంజనులో బొగ్గుపీచు రెక్కలే నిలిచాయి. చీర అంచు చిరగకుండా ఫాల్ కుట్టినట్టు ఆ రెక్కల ముందంచుకు టైటానియం తొడిగారు. గల్ఫు దారుల్లో తిరిగే పెద్ద విమానాల్లో 777లు చాలా ఉన్నాయి. ఎల్లారెడ్డి తల్లి సాగనంపిన కొడుకును దుబాయి చేర్చేది చాలాసార్లు ఈ రెక్కలే.

ఇక తయారీ వినండి. బొగ్గుపీచుతో గుడ్డ నేస్తారు. దానికి జిగురు ముందే పట్టిస్తారు. ఆ జిగురు బయట ఉంటే దోసెపిండి పులిసినట్టు తనంతట తానే ముదిరిపోతుంది కనుక, సున్నాకు పద్దెనిమిది డిగ్రీల దిగువన చలిపెట్టెలో దాస్తారు. కావలసినప్పుడు తీసి, రవికె గుడ్డ కత్తిరించినట్టు కత్తిరించి, అచ్చు మీద పొర మీద పొర పరుస్తారు. ఒక పొర నిలువు పోగు, ఒకటి అడ్డం, ఒకటి ఏటవాలు. బలం ఎటు కావాలో అటు పోగు నడిపిస్తారు. మధ్యలో గాలి బుడగ గానీ, వెంట్రుక గానీ ఉండకూడదు. ఆ పైన సంచీ కప్పి గాలంతా లాగేసి, ఆటోక్లేవు అనే మహా పెద్ద కుక్కరులో పెడతారు. మన కుక్కరులో వేడి 120 డిగ్రీల దరిదాపు. దానిలో 180 దాకా పోతుంది, ఒత్తిడి బయటి గాలికి ఆరేడు రెట్లు. గంటల తరబడి ఉడికి బయటికి వస్తే రెక్క తయారు. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, అలా తట్టి కూడా చూస్తారు. లోపలి పొర విడిపోతే పైకి కనబడదు గనుక, చెవికి వినబడని ధ్వని తరంగాలతో కూడా పరీక్షిస్తారు. ఖరీదు ఎక్కువ, పాతబడితే కరిగించి మళ్ళీ వాడుకోవడం కష్టం. ఈ లోపాలూ దీనికి ఉన్నాయి.

మన దేశంలో బెంగుళూరులో తయారైన తేజస్ యుద్ధ విమానం 2001 జనవరి 4న మొదటిసారి ఎగిరింది. దాని కట్టడపు బరువులో నూటికి సుమారు 45 వంతులు ఈ మిశ్రమ పదార్థాలే. 2012లో ఎయిరిండియాకు వచ్చిన బోయింగు 787లో సగం ఇవే. ఈ పదార్థానికి అలసటా తుప్పూ తక్కువ కనుక లోపల గాలి ఒత్తిడి ఎక్కువ ఉంచవచ్చు. కూతురి పురిటికి అమెరికా వెళ్ళే అమ్మమ్మలకు తలనొప్పి కాస్త తగ్గిందంటే అందుకు ఇదీ ఒక కారణమే.

ఇప్పుడు మన హైదరాబాదుకు వద్దాం. కామారెడ్డికి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం. 1982లో అబ్దుల్ కలాం గారు అక్కడి డి.ఆర్.డి.ఎల్. సంస్థకు డైరెక్టరుగా వచ్చారు. 1989 మే 22న ప్రయోగించిన అగ్ని క్షిపణి ఆకాశం నుంచి తిరిగి భూమి గాలిలోకి దూసుకొచ్చేటప్పుడు పుట్టే మంటను తట్టుకోవడానికి, ముందుభాగాన్ని బొగ్గుపీచు పదార్థంతోనే చేశారు. ఒకనాడు నిమ్స్ ఆసుపత్రి ఎముకల డాక్టరు ఒకరు అక్కడికి వచ్చి, ఆ ముక్కను చేత్తో ఎత్తి చూసి ఆశ్చర్యపోయి, కలాం గారిని తన ఆసుపత్రికి తీసుకుపోయారట. అక్కడ పోలియో సోకిన పిల్లలు ఒక్కొక్కటి మూడు కిలోలకు పైగా తూగే ఇనుప పట్టీలు కాళ్ళకు కట్టుకుని ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో మూడు వందల గ్రాముల పట్టీలు తయారయ్యాయి. పిల్లలు నడిచారు. తల్లిదండ్రుల కళ్ళు తడిశాయి. క్షిపణి గెలుపు కంటే తక్కువ కాని ఆనందంగా కలాం గారు ఈ సంగతి ఎన్నో సభల్లో చెప్పుకున్నారు.

మూడు కిలోల ఇనుము మోసిన బిడ్డను కన్న తల్లికి, బరువు తగ్గడం అంటే ఏమిటో ఏ ఇంజనీరూ వివరించనక్కర్లేదు. 2014లో మన దేశాన్ని పోలియో లేని దేశంగా ప్రకటించారు. అది చుక్కల మందు చలువ. కానీ అంతకుముందే కాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకు ఈ తేలిక పట్టీ చేసిన మేలు మరువరానిది.

ఆ హైదరాబాదులోనే అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ లేబొరేటరీలో పనిచేసి, 2011 నవంబరులో ఎగిరిన అగ్ని-4కు ప్రాజెక్టు డైరెక్టరుగా నిలిచినావిడ టెస్సీ థామస్. కేరళ ఆడపడుచు, ఒక బిడ్డకు తల్లి. కండెకు నూలు చుట్టినట్టు పీచు చుట్టి చేసిన తేలికైన రాకెట్టు గొట్టం ఆ క్షిపణిలో ఉంది. శివారులోని ఆదిభట్లలో హెలికాప్టరు క్యాబిన్లూ, రవాణా విమానాల తోకభాగాలూ, 2018 నుంచి అపాచీ హెలికాప్టరు ఒడళ్ళూ తయారవుతున్నాయి. అక్కడ లోహపు పని ఎక్కువే అయినా, వెంట్రుకవాసి తేడా రాని చేయి ఏ పనికైనా ఒకటే.

2016లో కామారెడ్డి జిల్లా కేంద్రం అయింది, ఎల్లారెడ్డి అందులో ఒక రెవెన్యూ డివిజను. ఈ ఊళ్ళ మగపిల్లలు విమానం ఎక్కి దూరదేశాలకు పోతున్నారు. ఆడపిల్లలు బీడీ ఆకు కత్తిరిస్తూనో, మిషను కుడుతూనో ఇంట్లో ఉండిపోతున్నారు. కత్తెర నిదానం, పొర మీద పొర సమంగా పరిచే ఓర్పు, చూపులోనే కొలత పట్టే నేర్పు, ఇవన్నీ వాళ్ళ దగ్గర ఉన్నాయి. లేనిది చదువూ, శిక్షణా, పంపించే పెద్దమనసూ. మీ అమ్మాయి గానీ, మీ ఇంట పనికి వచ్చే అమ్మాయి గానీ "ఐ.టి.ఐ.లో చేరతాను, పాలిటెక్నిక్‌లో చేరతాను" అంటే, "అది మగపిల్లల చదువమ్మా" అనేముందు ఒక్క క్షణం ఆలోచించండి. మొదటి విమానం రెక్క కుట్టుమిషను మీద పుట్టింది. ఇప్పటి రెక్కా గుడ్డతోనే పుడుతోంది. ఆ గుడ్డ మీద మన పిల్లల చేయి పడటానికి అడ్డు ఏముంది?