ఆ క్యూలో పడిపోయిన మనిషి

2010 ఆగస్టు. లాస్ ఏంజెలిస్‌లో ఫస్ట్ యూనిటేరియన్ చర్చి ముందు జనం బారులు తీరి ఉన్నారు. అక్కడ ఫుడ్ బ్యాంక్ నడుస్తోంది. లేనివాళ్లకి ఉచితంగా తిండి సరుకులు ఇస్తారు. రెండేళ్ల కిందట బ్యాంకులు కుప్పకూలాక, ఉద్యోగాలూ ఇళ్లూ పోగొట్టుకున్నవాళ్లు అమెరికా అంతటా ఇలాంటి వరుసల్లోకి వచ్చి చేరారు. హాలీవుడ్ ఉన్న ఊళ్లోనే అంత పొడుగు ఆకలి క్యూ.

ఆ వరుస పక్కన ఒక అమ్మాయి సౌండ్ రికార్డర్ పట్టుకుని ఉంది. నానీ డి లా పెన్యా అనే జర్నలిస్టు దగ్గర ఇంటర్న్. ఫుడ్ బ్యాంకుల దగ్గర వినిపించేదంతా రికార్డు చేసుకురావడం ఆమె పని.

సరుకులు పంచే చోట ఒకావిడ జనాన్ని అదుపు చేయలేక గొంతు చించుకుంటోంది. జనం ఎక్కువైపోయారు. అంతలో క్యూలో ఒకాయన నేలకొరిగాడు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి. ఆయన షుగర్ పేషెంట్. తిండి కోసం నిలబడి నిలబడి, అది చేతికందేలోపే షుగర్ పడిపోయి కోమాలోకి జారిపోయాడు.

తెలుగువాళ్లకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. బయటికెళ్తుంటే జేబులో నాలుగు చాక్లెట్లు వేసుకెళ్లమని నాన్నని వెనక నుంచి కేకేసే ఇళ్లు మనవి. చెమటలు పట్టి, మాట తడబడితే చాలు, వంటింట్లోకి పరిగెత్తి గ్లాసుడు నీళ్లలో పంచదార కలిపి తెచ్చే ఇళ్లు. ఆ చర్చి ముందు పడిపోయినాయన కూడా ఎవరో ఒకరి నాన్నే అయి ఉంటాడని నాకు అనిపిస్తూనే ఉంటుంది.

అరుపులు, గాభరా, అంబులెన్స్ కోసం ఫోన్ చేస్తున్న గొంతు, అన్నీ రికార్డర్‌లో పడ్డాయి. అమ్మాయి ఏడుస్తూ తిరిగొచ్చి నానీకి వినిపించింది.

నానీ అంతకుముందు న్యూస్‌వీక్‌ పత్రికకు రాసిన మనిషి. 2007లో పెగీ వైల్‌తో కలిసి గ్వాంటనామో జైలును కంప్యూటర్ లోకంలో కట్టి చూపించింది. తర్వాత ఇంకో ప్రయోగంలోనూ ఉంది. కుర్చీలో నిటారుగా కూర్చున్న మనిషి కళ్లకి హెడ్‌సెట్ పెట్టి, అద్దంలో వంగి కుంచించుకుపోయిన ఖైదీ ఒంటిని అతని ఒళ్లుగా చూపించారు. కాసేపటికి తామూ అలాగే వంగి ఉన్నామని అనిపించినట్టు అందులో పాల్గొన్నవాళ్లు చెప్పారు. 2010లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. కంటిని నమ్మిస్తే ఒళ్లు కూడా నమ్ముతుందని ఆమెకి అప్పటికే తెలుసు.

ఇప్పుడు చేతిలో ఒక శబ్దం ఉంది. దాని చుట్టూ కంప్యూటర్ లోకంలో ఆ వీధి కట్టాలి.

డబ్బు ఇచ్చేవాళ్లు దొరకలేదు. వార్తేమిటి, వర్చువల్ రియాలిటీ ఏమిటని చాలామంది విడ్డూరంగా చూశారు. నానీ కొన్ని కంప్యూటర్ మనుషుల బొమ్మల్ని దానంగా తెచ్చుకుంది, కొన్ని కొనుక్కుంది, మిగతాది అడుక్కుని సరిపెట్టుకుంది. క్యూలో నిలబెట్టిన ఆ మనుషుల ముఖాలు బిగుసుకుపోయి ఉంటాయి, నడక కొయ్యబొమ్మలా ఉంటుంది. కానీ గొంతులు నిజమైనవి. ఆ రోజు ఆ వీధిలో పలికినవే. ఈ కథలో నన్ను పట్టేసిన సంగతి ఇదే. బొమ్మ అరువుది, గొంతు అసలుది. పడిపోయినాయన ముఖం కూడా అందులో లేదు, ఆయన స్థానంలో ఒక బొమ్మ పడిపోతుంది. అలా చేయడమే మర్యాద అని నేననుకుంటాను. ఒక మనిషి కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్న క్షణాన్ని ఆయన ముఖంతో సహా ఊరంతటికీ తిప్పి చూపించే హక్కు ఎవరికీ లేదు.

పని జరిగింది సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో. అక్కడ మార్క్ బోలస్ నడిపే ల్యాబ్‌లో ఖరీదైన హెడ్‌సెట్ ఉంది. తల తిప్పితే దృశ్యం తిరగడం ఒక ఎత్తు. అడుగు ముందుకేస్తే దృశ్యం దగ్గరకు రావడం ఇంకో ఎత్తు. నానీకి రెండోది కావాలి. చూసేవాడు తన కాళ్లతో ఆ క్యూ పక్కన నడవాలి, పడిపోయిన మనిషి దగ్గరికి తనే వెళ్లాలి. అందుకు గది చుట్టూ కెమెరాలు పెట్టి, మనిషి ఎక్కడున్నాడో క్షణక్షణం లెక్క కట్టాలి. తల తిప్పడానికీ దృశ్యం కదలడానికీ మధ్య రెప్పపాటు తేడా వచ్చినా కడుపులో తిప్పుతుంది, ఘాట్ రోడ్డు మీద బస్సు వెనక సీట్లో కూర్చున్నట్టు.

సన్‌డాన్స్ చిత్రోత్సవం నుంచి పిలుపొచ్చింది. 2012 జనవరి, యూటా రాష్ట్రంలోని పార్క్ సిటీ. కానీ ల్యాబ్‌లోని ఆ ఖరీదైన హెడ్‌సెట్ గడప దాటదు.

అదే ల్యాబ్‌లో పామర్ లక్కీ అనే కుర్రాడు పనిచేస్తున్నాడు. పందొమ్మిదేళ్లు. పాత హెడ్‌సెట్లు సేకరించడం, విప్పి చూడడం అతని పిచ్చి. ఫోన్లు బాగుచేసి సంపాదించిన డబ్బంతా దానికే పోసేవాడు. కాలేజీలో చదువుతున్నదేమో జర్నలిజం. సన్‌డాన్స్‌కి తీసుకెళ్లే హెడ్‌సెట్ అతని చేతుల మీదుగా తయారైంది. చూడ్డానికి అందమైనదేం కాదు, అతుకుల బొంత.

ఇలాంటి చవక హెడ్‌సెట్ వెనక కిటుకు చిన్నది, నాకైతే భలే ముచ్చటేస్తుంది. చిన్న తెరని కంటికి అతి దగ్గరగా పెట్టి, మధ్యలో భూతద్దం లాంటి లెన్స్ బిగిస్తారు. చవక లెన్స్ కదా, బొమ్మని అంచుల దగ్గర సాగదీస్తుంది. దాన్ని సరిచేయడానికి ఖరీదైన అద్దాలు కొనక్కర్లేదు. సాఫ్ట్‌వేర్‌తో బొమ్మనే ముందుగా ఎదురు దిక్కుకి వంచి తెర మీద వేస్తారు. లెన్స్ వంకరా బొమ్మ వంకరా కలిసి, కంటికి గోడ తిన్నగా కనిపిస్తుంది.

పార్క్ సిటీలో నానీ కట్టిన ‘హంగర్ ఇన్ లాస్ ఏంజెలిస్’ తెరుచుకుంది. ఒక్కొక్కరే లోపలికి వస్తారు, హెడ్‌సెట్ తగిలించుకుంటారు.

బయట ఏమైందో కాస్త గబగబా చెప్పుకుందాం. అదే ఏడాది ఆగస్టులో లక్కీ తన ఓక్యులస్ రిఫ్ట్ అనే హెడ్‌సెట్ కోసం కిక్‌స్టార్టర్‌లో చందాలు అడిగితే 24 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. 2014లో లక్కీ కంపెనీ ఓక్యులస్‌ని ఫేస్‌బుక్ 200 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. నానీ చేత సిరియా యుద్ధం మీద ఇంకో కథ చేయించింది వరల్డ్ ఎకనామిక్ ఫోరం. 2015 నవంబరులో న్యూయార్క్ టైమ్స్ తన చందాదారులకు పది లక్షలకు పైగా అట్టపెట్టె కళ్లద్దాలు పంపి, యుద్ధాల వల్ల ఇల్లు విడిచి వెళ్లాల్సి వచ్చిన పిల్లల కథ చూపించింది.

నాకు వీటన్నిటికంటే పెద్ద కబురు అట్టముక్కలది. బోలస్ ల్యాబ్ వాళ్లు 2012లోనే అట్టని మడిచి, లెన్సులు గుచ్చి, మధ్యలో ఫోన్ దోపి చూసే పెట్టెను తయారుచేసి, ఎవరైనా చేసుకోండని నమూనా బయటపెట్టారు. పేద కాలేజీ విద్యార్థి కూడా ఈ విద్యలో చెయ్యి పెట్టగలిగేలా చేసింది అలాంటి అట్టపెట్టెలే.

ఇవాళ నాలుగు వైపులా ఒకేసారి చిత్రీకరించే 360 డిగ్రీల కెమెరాతో ఇలాంటి కథలు చెప్పడం మొదలుపెట్టే పిల్లలకి మొదటి రోజే ఒక సంగతి తెలిసొస్తుంది. కెమెరా వెనక అనే చోటే లేదు. ట్రైపాడ్ నిలబెట్టి, బటన్ నొక్కి, పరిగెత్తుకెళ్లి స్తంభం చాటునో చెట్టు చాటునో దాక్కోవాలి. అక్కడి నుంచి ఏం జరుగుతోందో కనిపించదు, చెవులు రిక్కించి వినాల్సిందే. ట్రైపాడ్ ఎత్తు పెంచితే చూసేవాడు గాల్లో తేలినట్టుంటుంది, తగ్గిస్తే పసిపిల్లాడై అందరి మోకాళ్లూ చూస్తాడు. రెండు లెన్సుల అతుకు దగ్గర మనిషి మరీ దగ్గరగా నిలబడితే ముఖం మధ్యకి చీలుతుంది. చూసేవాణ్ని ఫలానా వైపు చూడమని చెప్పడానికి క్లోజప్ లేదు. వెనక తలుపు చప్పుడైతే తిరిగి చూస్తాడు, అంతే. చూపుని తిప్పేది శబ్దం.

అందుకే ఈ విద్య నేర్చుకునేవాళ్లకి నేను లక్కీ కంటే ముందు ఆ ఇంటర్న్ గురించి చెప్తాను. హెడ్‌సెట్లు ఏడాదికో రకం వస్తాయి, పోతాయి. ఆ అమ్మాయి ఆ రోజు రికార్డర్ ఆపేసి ఉంటే, అరువు బొమ్మలు అరువు బొమ్మలుగానే మిగిలిపోయేవి.

పార్క్ సిటీకి తిరిగొద్దాం. హెడ్‌సెట్ తగిలించుకున్న మనిషి క్యూ వెంట నడుస్తాడు. చుట్టూ కొయ్యబొమ్మల్లాంటి మనుషులు. సరుకులు పంచే ఆవిడ అరుస్తోంది. పక్కనే ఒకాయన కూలిపోతాడు. చూసేవాడు ఆగిపోతాడు. ఎదురుగా ఉన్నది బొమ్మ అని అతనికి తెలుసు. అయినా మోకాళ్ల మీద కూర్చుంటాడు. ఒకరు పడిపోయినాయన చెవిలో ఏదో ధైర్యం చెప్పబోయారు. ఇంకొందరు లేని మనిషిని ముట్టుకోవాలని చూశారు. హెడ్‌సెట్ తీసేసరికి చాలామంది కళ్లలో నీళ్లు. ఆయనకి ఏమీ చేయలేకపోయామని బాధపడుతూ బయటికొచ్చారు.

గదిలో కింద ఉత్త నేల. చేతులు మాత్రం ఇంకా దాన్ని తడుముతూనే ఉన్నాయి.